రెండో లైను వంతు

ఇంతదాకా జరిగింది మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. మంగళవారం మధ్యాహ్నం మా నాన్న క్రిస్పులో మగ్బనువా ఊపిరందక పోయాడు. పొగాకు గోదాముల్లో పాడైన ఊపిరితిత్తులు ఆయనవి. కొంతకాలంగా ఒక పాత మిషను గాలిలోంచి ఆక్సిజన్ తీసి గొట్టంలోకి పంపిస్తుంటే బతుకుతున్నాడు. మిషను కరెంటుతో నడుస్తుంది. కరెంటు లేనప్పటి కోసం మంచం పక్కన ఒక సిలిండరు ఉండేది. మంగళవారం కరెంటు పోలేదని కోప్ వాళ్లు చెప్పారు. కోప్ అంటే మా దీవికి కరెంటిచ్చే సహకార సంఘం. నేను అందులోనే పనిచేస్తున్నాను. ఏ పూట ఏ లైనుకు కరెంటు తీస్తారో కోప్ రేడియోలో చదివే గొంతు నాదే. ఆ రోజు పొద్దున "ఇవాళ బ్రౌనౌట్ లేదు" అని, అంటే కరెంటు పోదని, చదివింది కూడా నేనే.

ఇప్పుడు నాన్న ముందుగదిలో పెట్టెలో ఉన్నాడు. పెట్టెకు రెండు పక్కలా శవపేటికల కొట్టువాళ్లు తెచ్చి నిలబెట్టిన దీపాలు పట్టపగలే తెల్లగా మండుతున్నాయి. కాళ్ల దగ్గర ఫ్యాను గిర్రున తిరుగుతోంది. తమ్ముడు జున్రే ఓడ దిగి ఆదివారానికి గానీ రాడు కనుక అంతవరకూ ఇలాగే.

అమ్మ ఆ దీపాల వైపు చూసి, ఎవరితోనూ కాదన్నట్టు, "బతికినన్నాళ్లూ ఈ మూల ఇంత వెలుగు చూశాడా మనిషి," అంది.

కాఫీ కప్పులు పట్టుకున్నవాళ్లు తలలు దించుకున్నారు. రెండో లైనులో ఆఖరి స్తంభం మా ఇంటిది. దాని తర్వాత సముద్రమే. కరెంటు మా దాకా వచ్చేసరికి ఎప్పుడూ అలిసిపోయి ఉంటుంది. ఈ మూడు రోజులుగా మాత్రం పెళ్లివారి ఇంటికొచ్చినట్టు నిండుగా వస్తోంది. ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు. శవం ఉన్న లైను కోప్ తీయదు.

ఇది ఎక్కడా రాసిలేదు. పెట్టె మీద దీపం ఆరితే పోయినవాళ్లు దారి తప్పుతారని మా పెద్దలు నమ్మారు, స్విచ్చుల దగ్గర కూర్చునేవాళ్లూ ఆ పెద్దల పిల్లలే. కాబట్టి ఎవరైనా పోతే, సమాధి చేసేదాకా వాళ్ల లైను వంతు ఇంకో లైను మోస్తుంది. రేపు మన ఇంట్లోనూ ఎవరో ఒకరు పోతారు కదా అని మోసేవాళ్లు నోరు మెదపరు. దీపమున్న లైనువాళ్లు అదే అదనుగా బట్టలు ఇస్త్రీ చేసుకుంటారు, ఐసు గడ్డకట్టించుకుంటారు. రేవులో ముసలి తీబో తాతను కుర్రాళ్లు ఆటపట్టించేవాళ్లు, "పోతే మాత్రం ఎండాకాలంలో పో తాతా, మా ఫ్యాన్లు తిరుగుతాయి" అని. ఆయనేమో, "మీ అందరికీ చలి పుట్టేదాకా పోను," అనేవాడు. పాపం, వానాకాలంలో పోయాడు.

పది దాటాక మా మేనేజరు ఇంజనీర్ అబెలార్డో వచ్చాడు. కోప్ పేరు రాసిన పూల చక్రం తెచ్చాడు. పెట్టె ముందు నిలబడి గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు, అమ్మ చెయ్యి పట్టుకుని రెండు మంచి మాటలన్నాడు, పెట్టిన కాఫీ తాగాడు. వెళ్లబోతుంటే నేను ఆయన వెనకే వాకిట్లోకి దిగాను. చిన్నాన్న ఇస్కో శవజాగరణకు వేసిన పేకాట బల్ల దగ్గర్నుంచే గొంతెత్తి, శవం ఉన్న ఇంట్లోంచి వచ్చినవాళ్లను సాగనంపకూడదని ఆ చదువులో చెప్పలేదా అన్నాడు. సాగనంపడం లేదు చిన్నాన్నా, ఆపుతున్నాను అన్నాను.

మంగళవారం ఏం జరిగిందని ఇంజనీరును అడిగాను. ఏమీ జరగలేదన్నాడు. ఏ లైనూ తీయలేదు, కాగితాలన్నీ చూపిస్తానన్నాడు. నేను కాగితాలు అడగలేదు. మా ఇంట్లో బల్బు ఎర్రగా నిప్పుకణికలా వెలగడం ఎదురింటి పిల్లలు చూశారు, రేవులో పడవ మోటార్లు బాగుచేసే కొట్టులో మిషన్లు మూలిగి ఆగిపోయాయి, అవన్నీ ఏమిటని అడిగాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. క్లాసు చెప్పబోయే ముందు మాస్టర్లు అలా తుడుచుకుంటారు.

"చూడు రొవేనా, నువ్వు చదువుకున్నదానివి కాబట్టి చెబుతున్నాను. మనవాళ్లు కరెంటు పోతే బ్రౌనౌట్ అంటారు. అది తప్పు వాడుక. పూర్తిగా పోతే అది బ్లాకౌట్. పోకుండా తగ్గితే అది బ్రౌనౌట్. ప్రపంచమంతా అంతే, మనమే తలకిందులుగా అంటాం. మంగళవారం కరెంటు తగ్గింది. పోలేదు. సాంకేతికంగా మనం ఎవరికీ ఆపలేదు."

ఈ పాఠం నాకు కొత్త కాదు. ఇలోయిలోలో కాలేజీలో చేరిన మొదటి ఏడాది ఒక మేడమ్ ఇదే చెబితే క్లాసంతా నవ్వింది. సెలవులకు ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే గనక, నేనేం చెప్పినా ఆయన చేతిలో పని ఆపి వినేవాడు. విని, "వాళ్ల దేశాల్లో కరెంటు తగ్గడమే పెద్ద కష్టం కాబోలు, దానికో పేరు పెట్టుకున్నారు. మనకు పోవడమే కష్టం. కష్టానికి పేరు పెట్టాం, అంతేగా," అన్నాడు. మా దీవిలో ఆ మాట కరెంటు దగ్గరే ఆగిపోలేదు. మాట మధ్యలో మరిచిపోతే వాడికి బ్రౌనౌట్. పెళ్లాం అలిగి పుట్టింటికి పోతే వాడింట్లో బ్రౌనౌట్. తుఫానుకు స్తంభాలన్నీ పడుకుని నెలల తరబడి చీకట్లో ఉన్నప్పుడు కూడా ఇంకో పెద్ద మాట వెతుక్కోలేదు మేము. తగ్గితే మాత్రం "కరెంటు నీరసంగా ఉంది" అనుకుని, పోలేదు కదా అని సంతోషించేవాళ్లం.

"అయితే ఇంజనీర్, మీ పుస్తకం ప్రకారం మంగళవారం బ్రౌనౌట్ ఉంది," అన్నాను. "మరి లేదని నాచేత ఎందుకు చదివించారు?"

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"జనానికి అర్థమయ్యే భాషలో చదివించాను," అన్నాడు.

అంటే రేడియోలో మా అర్థం, వాకిట్లో నిలదీస్తే పుస్తకం అర్థం. రెండిట్లో ఏది తీసుకున్నా తప్పు కోప్‌ది కాకుండా పోయింది. నా ముఖంలో ఏం కనబడిందో, ఆయన గొంతు తగ్గించాడు. ఆ రోజు మూడో లైను వంతట. అక్కడ డోన్యా ఫెలీసా పెట్టె ఉంది, ఆ లైను తీయడానికి లేదు, నీకు తెలియనిదా అన్నాడు. మిగతాది మీ నినొంగ్ బెన్హుర్‌ను అడుగు, స్విచ్ మీద చెయ్యి అతనిది అని చెప్పి బండెక్కాడు.

మూడో లైను కొండవైపుది. మొదట కోప్ బోర్డు అధ్యక్షుడు సర్ రెనాతో ఇల్లు, ఇంటి వెనక ఆయన ఐస్ ప్లాంటు, అక్కడి నుంచి లైను కొండెక్కి చివర్న ప్రసూతి ఇంటి దగ్గర ఆగుతుంది. డోన్యా ఫెలీసా సర్ రెనాతో తల్లి. దుబాయ్ నుంచి కూతురు రావాలని ఆమె పెట్టెను ఇంట్లో ఉంచి రెండో వారం నడుస్తోంది.

నినొంగ్ బెన్హుర్ అప్పటికే మా వెనక వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నా బాప్తిస్మానికి నిలబడ్డ జ్ఞానతండ్రి ఆయన, నాన్నకు చిన్ననాటి నేస్తం. రేవులో ఇంజన్లున్న షెడ్డులో మూడు లైన్ల స్విచ్చులూ చూస్తాడు. పెద్ద ఇంజను చెడిపోయిన దగ్గర్నుంచి రోజుకో లైను తీస్తున్నది ఆయనే. అమ్మ ఇచ్చిన అల్లం గంజి ఒళ్లో పెట్టుకుని తినకుండా కలుపుతున్నాడు.

నేను అడగకముందే ఆయనే మొదలుపెట్టాడు, ఇవాళ మన లైను వంతే గానీ దిగులు పడకు, మీ నాన్న దీపం ఆరనివ్వనని. మంగళవారం సంగతి అడిగాను. దాచలేదు. దాచాలని ఆయనకు తట్టనే లేదు.

"మూడో లైను తీయడానికి లేదు, డోన్యా ఉంది. మొదటి లైనువాళ్లను అడిగితే సంత రోజు, ఒప్పుకోం అన్నారు. మీ రెండో లైను ముందు రోజే తీశాను. మళ్లీ మీదే తీద్దామని చెయ్యి పెట్టాను ఇందాయ్ తల్లీ, మీ నాన్న గుర్తొచ్చాడు. వరసగా రెండో రోజు సిలిండరు మీద ఎలా ఉంటాడు అనుకున్నాను. చెయ్యి రాలేదు. అందుకే ఎవరిదీ తీయలేదు. అందరికీ కొంచెం కొంచెం తగ్గించాను. ఇంజనీరుకు చెబితే సరే అన్నాడు. ఎవరికీ పూర్తిగా పోలేదు కదా."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఒక చిన్న తృప్తి కనబడింది. స్నేహితుడికి ఆఖరి రోజున తనవంతు చేశానన్న తృప్తి. దాన్ని అలాగే వదిలేసి లోపలికి పోయి ఉండాల్సింది అని ఒక్క క్షణం అనిపించింది. పోలేదు.

మా దీవిలో కరెంటు పోయినప్పుడు ప్రతి ఇంట్లో ఒక బల్బు స్విచ్ వేసే ఉంచుతారు. అది వెలిగితే కరెంటు వచ్చినట్టు. మంగళవారం భోజనాలయ్యాక, నినొంగ్ తగ్గించే వేళ కాబోలు, ఒకసారి కరెంటు చటుక్కున ఆగింది. అమ్మ నాన్న గొట్టాన్ని మిషను నుంచి తీసి సిలిండరుకు పెట్టింది. అంతలోనే గుమ్మం మీది బల్బు వెలిగింది. ఎండలో ఎర్రగా వెలిగిందో తెల్లగా వెలిగిందో అమ్మ ఎక్కడ చూసింది. పైగా ఇవాళ బ్రౌనౌట్ లేదని కూతురి గొంతు పొద్దున్నే చెప్పింది. సిలిండరు అవసరానికి ఉండనీ అని అమ్మ మళ్లీ మిషనుకు మార్చింది. మిషను మూలుగుతూనే ఉంది, గాలి మాత్రం ఇవ్వలేదు. దాని హెచ్చరిక గంట మా ఇంటికొచ్చిన నాటి నుంచీ మోగదు. అమ్మ అరటికాయలు ఉడికించి పళ్లెంతో వచ్చేసరికి అయిపోయింది.

ఇదంతా నినొంగ్‌కు చెప్పాను. ఆయన చెంచా ఆపేశాడు.

"బల్బు వెలిగిందా?"

"వెలిగింది. నువ్వు పూర్తిగా తీసేసి ఉంటే అమ్మ సిలిండరు తీసి మిషను పెట్టేది కాదు, నినొంగ్."

ఆయన గంజి గిన్నెను నేల మీద పెట్టాడు. తన కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆయన ఏడవలేదు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఉంది, అది కూడా రాలేదు. మా నాన్న మీద దయతో మా నాన్నను చంపిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు.

అప్పుడు నాకు ఇంకోటి తట్టింది. ఇవాళ మా వంతు. మా లైనులో పెట్టె ఉంది, తీయడు. మూడో లైనులో పెట్టె ఉంది, తీయడు. మొదటి లైనుకు నిన్ననే పోయింది. మరి ఇవాళ ఏం చేస్తావని అడిగాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది. మళ్లీ అందరికీ కొంచెం కొంచెం.

ఆ పొద్దున్నే ప్రసూతి ఇంటి మంత్రసాని మనాంగ్ దాదింగ్ వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే వెళ్లిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒకడున్నాడట. తల్లికి జ్వరం ముదిరితే పడవలో పట్నం ఆసుపత్రికి పంపారు. బిడ్డను గుడ్డలు పరిచిన పెట్టెలో పెట్టి, పైన బల్బు వేలాడదీసి వెచ్చగా ఉంచుతున్నారు. సముద్రం ఒప్పుకుంటే సాయంత్రం పడవకు వాణ్నీ పంపిస్తానని చెప్పింది. పిల్లవాడు పొదగేసిన కోడిగుడ్డులా ఉన్నాడని నవ్వింది కూడా. ప్రసూతి ఇల్లు మూడో లైనుకు ఆఖరి స్తంభం. మేము రెండో లైనుకు ఉన్నట్టే. బల్బు వెలుగుతూనే ఉంటుంది, వెచ్చదనం ఇవ్వదు. మనాంగ్ దాదింగ్ దాన్ని చూసి, పక్క గదిలో ఇంకో కాన్పు చూసుకోవడానికి వెళుతుంది.

"రెండో లైను తీసెయ్ నినొంగ్," అన్నాను.

"మీ నాన్న మీద దీపం ఆర్పమంటున్నావా?"

"పూర్తిగా తీసెయ్. మిగతా రెండిటికీ నిండుగా ఇయ్యి."

రేడియోలో చెప్పకుండా తీయడానికి లేదన్నాడు. చెబుతానన్నాను. వెనక ఏదో కదిలినట్టనిపించి తిరిగాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

బిడ్డ సంగతి అమ్మకు చెప్పాను. పైకెళ్లి గుడ్డలు ఇంకో నాలుగు కప్పమని చెప్పవచ్చు కదా అంది. కప్పినా చాలకపోతే అన్నాను. కనీసం జున్రే వచ్చి తండ్రి ముఖం వెలుగులో చూసేదాకా ఆగలేవా అంది. ఆగలేనన్నాను. అప్పుడు అమ్మ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, చాలా మెల్లగా, పక్కింటివాళ్లకు వినపడకూడదన్నట్టు అంది.

"మంగళవారం నీ రేడియో మాట విన్నాను. ఇవాళ కూడా వినమంటావా?"

చెప్పులేసుకుని రోడ్డు మీదికి నడిచాను.

రేడియో గది కోప్ ఆఫీసు మేడ మీద ఉంటుంది. నేను సెలవులో ఉన్నాను కనుక ఆ మధ్యాహ్నం పాటలు తప్ప ఏమీ రావడం లేదు. పాట మధ్యలో ఆపేశాను. చేతిలో కాగితం లేకుండా మైకు ముందు కూర్చోవడం అదే మొదటిసారి.

"ఈ మధ్యాహ్నం రెండో లైనుకు బ్రౌనౌట్. సంతవీధి చివరి నుంచి రేవు దాకా. ఆఖరి స్తంభం దగ్గరి మగ్బనువా వారి ఇల్లు కూడా ఇందులో ఉంది. ఆ ఇంట్లో పెట్టె ఉంది. అయినా తీస్తున్నారు. తీయమని అడిగింది కూతురే. మొదటి, మూడో లైన్లకు కరెంటు నిండుగా ఉంటుంది. ఇంకో మాట. మంగళవారం బ్రౌనౌట్ లేదని ఇక్కడి నుంచే చదివాను. ఆ రోజు మూడు లైన్లలోనూ కరెంటు తగ్గించారు. మీకు చెప్పలేదు. ఇంట్లో మిషను మీద బతికే మనుషులు ఉన్నవాళ్లు బల్బును నమ్మకండి."

ఒకసారే చెప్పి మైకు ఆపేశాను. కింద ఫోను మోగడం మొదలైంది, ఇంజనీరే అయ్యుండాలి. గది తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెనక మెట్ల మీంచి దిగిపోయాను.

ఇంటికొచ్చేసరికి దీపాలు ఆరిపోయి ఉన్నాయి. ఫ్యాను రెక్కలు ఇంకా మెల్లగా తిరుగుతున్నాయి, నేను చూస్తుండగానే ఆగిపోయాయి. ముందుగదికి ఒక్కటే కిటికీ. అమ్మ పెట్టె తల వైపు, కాళ్ల వైపు కొవ్వొత్తులు ముట్టించి, అట్టముక్కతో పెట్టె మీది అద్దంపై ఈగలు తోలుతోంది. నా వైపు చూడలేదు. వాకిట్లో ఉన్నవాళ్లు కొందరు మెల్లగా జారుకున్నారు. ఎదురింటి పిన్ని మాత్రం పోలేదు. దీవిలో అందరికంటే ముందు దీపం ఆరిన శవం మా వీధిదే కావాలా అని కాఫీ కప్పులు కడుగుతూ గొణుక్కుంది. ఆమె ఫ్రీజరులో ఐసు కరుగుతోందని నాకు తెలుసు.

చిన్నాన్న ఇస్కో పేకముక్కలు బల్ల మీద బోర్లించి లేచాడు.

"నోట్లో ముద్ద మాని చదివించాడు నిన్ను మా అన్నయ్య," అన్నాడు. "మంచి బహుమానమే ఇచ్చావు. బతికుండగా గాలి ఆపారు, పోయాక వెలుగు ఆపావు. మీ కోప్ వాళ్లంతా ఒక్క తానులో గుడ్డలే."

పెట్టెకు అవతలి పక్క, అమ్మకు ఎదురుగా కూర్చున్నాను. మా మధ్య నాన్న. కొవ్వొత్తి వెలుతురులో ఆయన ముఖం మాకు తెలిసిన ముఖంలా ఉంది. నా చిన్నప్పుడు బ్రౌనౌట్ రాత్రుల్లో ఇలాంటి వెలుతురులోనే గోడ మీద చేతివేళ్లతో కుందేలును ఆడించేవాడు. అమ్మకు కూడా అదే గుర్తొచ్చిందేమో అడగాలనిపించింది. అడగలేదు.

కాసేపటికి నినొంగ్ బెన్హుర్ వచ్చాడు. లోపలికి రాలేదు, టోపీ పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. కొండమీదికి మనిషిని పంపి కనుక్కున్నాడట, ప్రసూతి ఇంట్లో బల్బు నిండుగా వెలుగుతోందట, బిడ్డ పడుకున్నాడట. ఆ మాట నాతో కాదు, అమ్మతో చెప్పాడు. అమ్మ అట్టముక్క ఊపడం ఒక్కసారి ఆపి మళ్లీ ఊపింది.

"రేపు మూడో లైను వంతు," అన్నాడు ఆయన. "క్రిస్పులో దీపం ఆర్పిన చెయ్యి ఇది. ఇంక ఎవరి పెట్టె కోసమూ ఆగదు. డోన్యాదైనా సరే."

అది విని చిన్నాన్న ఇస్కో నోట్లో సిగరెట్టు అలాగే ఉండిపోయింది. సర్ రెనాతో తల్లి దీపం ఆర్పుతానని మా దీవిలో ఎవరైనా పైకి అనడం ఎవరూ వినలేదు. ఊరుకో బెన్హుర్, ఉద్యోగం పోతుంది అన్నాడు చిన్నాన్న, ఈసారి గొంతులో ఎగతాళి లేకుండా.

పోతే పోనీ అన్నట్టు ఆయన టోపీ పెట్టుకుంటుండగా వీధిలో బండి ఆగింది. సర్ రెనాతో పికప్. ముందు సీట్లో ఇంజనీర్ అబెలార్డో ఉన్నాడు, దిగలేదు. సర్ రెనాతో దిగి, సంతాపానికి చొక్కాకు గుచ్చుకున్న నల్ల పిన్ను సర్దుకుని, నేరుగా అమ్మ దగ్గరికి వచ్చాడు. ఆయన పెద్ద గొంతు మనిషి కాదు. అమ్మ ముందు వంగి, పెద్దవాళ్లకు మొక్కే తీరున ఆమె చేతిని తన నుదుటికి ఆనించుకున్నాడు.

"మీ అమ్మాయి మాటలు రేడియోలో విన్నాను, నానాయ్ సెలింగ్. మనసు ఒప్పలేదు. నేనూ తల్లిని పెట్టుకుని కూర్చున్నవాణ్నే. మీ ఆయన చీకట్లో ఉండకూడదు. ఆదివారం దాకా ఇది ఉంచుకోండి."

ఆయన మనుషులు ఇద్దరు బండిలోంచి ఒక జనరేటరును దించి వాకిట్లో పెట్టారు. ఎర్ర రంగుది, చిన్నది. ఇంటి దీపాలకూ ఫ్యానుకూ సరిపోతుంది. వాకిలి ఒక్కసారి కదిలింది. వెళ్లిపోయినవాళ్లు కూడా కంచె దగ్గరికి వచ్చారు. ఎంత మంచి మనసు అని ఎదురింటి పిన్ని పైకే అంది. ఇంత మేలు చేశాక రేపు మూడో లైను మీద చెయ్యి ఎవరికి లేస్తుంది, నేనైనా రేడియోలో ఏ నోటితో చదువుతాను. ఆయన అది పైకి అడగలేదు. అడగాల్సిన అవసరం మా దీవిలో ఎవరికీ రాదు.

నినొంగ్ బెన్హుర్ జనరేటరు దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. దాని పైమూత మీద తెల్లటి మైనం కారి గడ్డకట్టి ఉంది. పిడికి నల్ల రిబ్బను ముక్క ఒకటి చిక్కుకుని ఉంది.

"ఇది ఎక్కడిది, సర్?"

"మా ఇంట్లోదే. అమ్మ పెట్టె వెనకే పెట్టించాను, మొదటి రోజునే," అన్నాడు సర్ రెనాతో. గొంతులో నిజమైన కృతజ్ఞత ఉంది. "నీ దయవల్ల ఒక్క రోజు కూడా వాడే పని పడలేదు, బెన్హుర్."

నినొంగ్ లేవలేదు. చేతిని ఆ మైనం మీద అలాగే ఉంచి, "ఇంటికైతే సరిపోతుంది," అన్నాడు. "ఐస్ ప్లాంటుకు సరిపోదు."

"ప్లాంటుకా? దీనితోనా?" అని సర్ రెనాతో నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. బండిలో ఇంజనీర్ అబెలార్డో కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

అంటే మంగళవారం మూడో లైను తీసినా డోన్యా దీపం ఆరేది కాదు. చిన్నాన్న ఇస్కో సిగరెట్టు తీసి కింద పడేశాడు. అమ్మ పెట్టె దగ్గర్నుంచి లేచి వాకిట్లోకి వచ్చింది. పోయినవాడి భార్య సమాధి చేసేదాకా గుమ్మం దిగకూడదంటారు, ఈ మూడు రోజుల్లో ఆమె దిగడం ఇదే మొదలు. నినొంగ్ పక్కన నిలబడి, వేలిగోటితో ఆ మైనం గీకింది. తెల్లటి పొట్టు రాలి ఆమె నల్ల లంగా మీద పడింది. దాన్ని దులుపుకోలేదు.

నేను రేడియో నుంచి వచ్చాక నా ముఖం చూడని మనిషి అప్పుడు నా వైపు తిరిగింది.

"రొవేనా," అంది, "రేడియో గది తాళంచెవి నీ దగ్గరే ఉందా?"